అల్లరి కాదు, అలారం

బదిలీ ఆర్డరు చేతికి రాగానే మనలో చాలామంది ముందుగా ఆలోచించేవి మూడే: ఇల్లు, పిల్లల బడి, సొంతూరికి రైలు. నాకూ అంతే. రెండేళ్ళ క్రితం పుదుచ్చేరి వచ్చినప్పుడు ఊళ్ళో అద్దెలు చూసి బెదిరి, కాలాపట్టు దారిలో ఉన్న పిళ్ళైచావడిలో ఇల్లు తీసుకున్నాం. ఒకపక్క ఈస్ట్ కోస్ట్ రోడ్డు, ఇంకోపక్క సముద్రం, మధ్యలో జాలర్ల వీధులు, దగ్గరలోనే సాంకేతిక విశ్వవిద్యాలయం. "పిల్లవాడు రోజూ ఇసుకలో ఆడుకుంటాడు" అని మా ఆవిడ సంబరపడింది. వాడికి అప్పుడే మూడేళ్ళు నిండాయి.

మొదటి ఆదివారం ఒడ్డుకు తీసుకెళ్ళాం. ఎత్తుకున్నవాణ్ణి ఇసుకలో దించగానే నిప్పుల మీద నిలబెట్టినట్టు కెవ్వుమన్నాడు. కాళ్ళు రెండూ ముడుచుకుని నా మెడకు వేలాడాడు. మళ్ళీ దించితే గబుక్కున నా చెప్పుల మీద ఎక్కి నిలబడ్డాడు తప్ప ఇసుకను తాకలేదు. "కొత్త చోటు కదా" అనుకున్నాం.

కానీ అది ఒక్క ఇసుకతో ఆగలేదు. చొక్కా మెడ దగ్గర చీటీ గుచ్చుకుంటోందని చొక్కానే విప్పేసేవాడు. గోళ్ళు తీయాలంటే ఇద్దరం పట్టుకోవాలి. పప్పన్నం ముద్ద నోట్లో పెడితే డోకు వచ్చేది. జంతికలు, అప్పడాలు, ఎర్రగా కాలిన దోసె అంచులు మాత్రం ఎన్నయినా తినేవాడు. మిక్సీ తిరిగితే మంచం కింద దూరేవాడు. ఒకసారి వాడిని బ్రాంచికి తీసుకెళ్తే నోట్లు లెక్కపెట్టే మిషను చప్పుడుకు చెవులు మూసుకుని కౌంటరు కింద కూర్చున్నాడు. అదే పిల్లవాడు ఇంట్లో సోఫా మీంచి నేల మీదకు రోజుకు యాభైసార్లు దూకేవాడు, కళ్ళు తిరగకుండా గిరగిరా తిరిగేవాడు, గోడకూ బీరువాకూ మధ్య సందులో ఇరుక్కుని హాయిగా నిలబడేవాడు.

మా అమ్మ దిష్టి తీసింది. మా అత్తగారు "గారాబం ఎక్కువైంది" అన్నారు. బడిలో టీచరు డైరీలో "మొండితనం, వరుసలో నిలబడడు, పక్కవాళ్ళను తోస్తాడు" అని వారానికి రెండుసార్లు రాసేవారు. నేను మూడింటినీ నమ్మాను.

ఆ రోజు

ఒక సాయంత్రం ఈసీఆర్ మీద బస్సు కోసం నిలబడ్డాం. మా పక్కనే ఒక బస్సు ఎయిర్ హారన్ కొట్టింది. వాడు నా చేతిలోంచి వేళ్ళు లాక్కుని రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడు. ఒక ఆటో అంగుళాల దూరంలో ఆగింది. నేను వెళ్ళి వాణ్ణి ఇవతలికి లాక్కొచ్చి చెంప మీద కొట్టాను. భయంతో కొట్టానో, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో కొట్టానో ఇప్పటికీ చెప్పలేను.

అక్కడే చేపల గంప పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ తమిళంలో అంది: "కొట్టకు తంబీ, పిల్లాడికి చెవి నొప్పి పెట్టింది. చూడు, ఇంకా చెవులు వదలడం లేదు." అప్పుడు చూశాను. నేను కొట్టిన చెంపను వదిలేసి వాడు రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు. దెబ్బ కంటే హారనే వాడిని ఎక్కువ బాధపెట్టింది. ఆ మాట మాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. మేమూ చూడలేదు.

మర్నాడు సెలవు పెట్టి పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళాం. ఆ తర్వాత ఈ రెండేళ్ళలో నేర్చుకున్నది మన బ్యాంకు కుటుంబాల్లో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. నేను డాక్టర్ను కాను. ఇది ఒక తండ్రి అనుభవం, దానికి తోడు వైద్యులు వివరించిన సంగతులు.

అసలేం జరుగుతోంది?

మనకు ఐదు ఇంద్రియాలని చిన్నప్పుడు చదువుకున్నాం. నిజానికి మెదడుకు ఇంకా మూడు చోట్ల నుంచి కబుర్లు అందుతుంటాయి. లోపలి చెవిలోని భాగాలు తల ఎటు వంగిందో, ఒళ్ళు ఎటు కదిలిందో చెబుతాయి. కండరాలు, కీళ్ళు ఏ అవయవం ఎక్కడుందో, ఎంత బలం వాడుతున్నామో చెబుతాయి. ఇక ఆకలి, దాహం, మూత్రం లాంటివి తెలిపే లోపలి స్పృహ ఒకటి. వీటన్నిటినీ అందుకుని, పనికిరానివి పక్కకు తోసి, కావలసిన వాటికి స్పందించడమే మెదడు నిమిషం నిమిషం చేసే పని.

మన భాషలో చెబితే, స్ట్రాంగ్ రూమ్ అలారం గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా అమర్చిన అలారం దొంగ వస్తేనే మోగుతుంది. మరీ సున్నితంగా అమర్చితే బల్లి పాకినా మోగి అర్ధరాత్రి మేనేజరును నిద్ర లేపుతుంది. మరీ మొద్దుగా అమర్చితే తలుపు బద్దలైనా మోగదు. కొందరు పిల్లల్లో ఒక్కో ఇంద్రియానికి ఒక్కో అమరిక ఉంటుంది. మావాడికి చెవి, చర్మం, నాలుక దగ్గర బల్లికి మోగే అలారం. కండరాలు, కీళ్ళ దగ్గర మొద్దు అలారం. అందుకే చొక్కా చీటీ భరించలేడు, సోఫా మీంచి దూకకుండా ఉండలేడు. వరుసలో వెనకవాడి మోచెయ్యి తగిలితే ఎవరో కొట్టినట్టు ఉండేది, వెంటనే తోసేవాడు. తోసేటప్పుడు ఎంత బలం వాడుతున్నాడో తెలిసేది కాదు. టీచరు రాసిన ఆ ఒక్క వాక్యంలో ఈ రెండూ ఉన్నాయి.

ఇంకో తేడా కూడా తెలుసుకున్నాం. మొండి చేసే పిల్లవాడు మధ్యమధ్యలో మనవైపు చూస్తాడు. అడిగింది ఇస్తే ఏడుపు ఆపుతాడు. ఒంట్లో అలారం మోగుతున్న పిల్లవాడికి ఎదురుగా ఎవరున్నారో పట్టదు. ఏమిచ్చినా ఆగదు, ఆ శబ్దమో ఆ స్పర్శో తొలగి కాసేపైతేనే ఆగుతుంది. ఆ సమయంలో పాఠాలు చెప్పినా, కోప్పడినా బుర్రకెక్కదు.

ఆ పేరు వెనుక కథ

ఈ ఆలోచనకు రూపం ఇచ్చినవారు అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయర్స్. 1972లో వెలువడిన ఆమె పుస్తకంతో ఇంద్రియ సమన్వయం అనే మాట ప్రచారంలోకి వచ్చింది. అయితే ఇది ఒక ప్రత్యేకమైన జబ్బా అన్న విషయంలో వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో, దీన్ని విడి రోగంగా నిర్ధారించవద్దని తన సభ్యులకు సూచించింది. ఇలాంటి ఇబ్బందులున్న పిల్లలకు ఆటిజం, ఏకాగ్రత లోపం, ఎదుగుదలలో ఆలస్యం వంటివి ఉన్నాయేమో ముందు చూడమంది. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 గ్రంథం కూడా దీన్ని విడి రోగంగా చేర్చలేదు. ఆటిజం లక్షణాల్లో ఒకటిగా మాత్రం చేర్చింది.

అంటే పిల్లవాడి బాధ అబద్ధమని కాదు. బాధ నిజం, దానికి పెట్టే పేరు, చేసే వైద్యం విషయంలోనే జాగ్రత్త అవసరం. థెరపీ విషయమూ అంతే. బ్రిటన్‌లో ఇంద్రియ ఇబ్బందులున్న 138 మంది ఆటిజం పిల్లలపై జరిపి 2022లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో, ఇంద్రియ సమన్వయ థెరపీ వల్ల మామూలు సేవల కంటే స్పష్టమైన అదనపు లాభం కనిపించలేదు. కాబట్టి "ఆరు నెలల్లో పూర్తిగా నయం చేస్తాం" అని ఎవరైనా ప్యాకేజీ చెబితే, అధిక వడ్డీ ఆశ చూపే డిపాజిట్ పథకాన్ని చూసినట్టే చూడండి.

డాక్టరు ఏం చేశారు?

మొదట వినికిడి పరీక్ష రాశారు. చెవులు మూసుకునే పిల్లవాడికి వినికిడి పరీక్ష ఎందుకని నేను అడిగాను. చెవిలో చీము, నీరు వంటివి ఉన్నా శబ్దం బాధించవచ్చని, పిలిస్తే పలకని పిల్లలకైతే ఈ పరీక్ష తప్పనిసరి అని చెప్పారు. కళ్ళు చూశారు. రక్తపరీక్షలో ఇనుము తక్కువని తేలింది. తిండి విషయంలో పేచీ పెట్టే పిల్లల్లో అది మామూలేనట. మలబద్ధకం ఉందేమో అడిగారు. తర్వాత ఎదుగుదల పరీక్షలు: మాట, ఆట, చూపు కలపడం, వేలితో చూపించడం.

మావాడికి ఇప్పటికి ఆటిజం అని చెప్పలేమన్నారు, ఏడాది తర్వాత మళ్ళీ చూడాలన్నారు. మా ఆవిడ ఆ రోజు దారంతా మాట్లాడలేదు. పేరు పెడితే ఒక బాధ, పెట్టకపోతే ఇంకో బాధ. కానీ డాక్టరు ఒక మాట గట్టిగా చెప్పారు: పేరు కోసం ఆగక్కర్లేదు, సాయం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

కొన్ని గుర్తులుంటే మాత్రం ఒక్క నెల కూడా ఆగకూడదు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకూ వేలితో చూపించకపోవడం, రెండేళ్ళకూ రెండు మాటలు కలిపి పలకకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం. "మగపిల్లలకు మాట ఆలస్యంగా వస్తుందిలే" అన్న మాట నమ్మి కూర్చోకండి.

బదిలీల మీద తిరిగే మనకు ఇంకో సందేహం వస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు కలిసి పిల్లవాణ్ణి గందరగోళపెట్టాయేమోనని. రెండు మూడు భాషలు వినడం వల్ల ఇలాంటి ఇబ్బందులు రావు. ఇంట్లో తెలుగు మానేయవలసిన పని లేదు.

ఇంట్లో మేం మార్చుకున్నవి

ఆక్యుపేషనల్ థెరపిస్టు మొదట చెప్పింది రెండు వారాలు ఒక పుస్తకంలో రాయమని. ఏడుపుకు ముందు ఏం జరిగింది, ఏడుపు ఎంతసేపు, దేనితో తగ్గింది. మనకు లెడ్జరు కొత్త కాదు కదా! పది రోజులకే లెక్క తేలింది: ఎక్కువ గొడవలు సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య, బడి నుంచి వచ్చి ఆకలితో ఉన్నప్పుడు, మిక్సీ, కుక్కరు, టీవీ ఒకేసారి మోగుతున్నప్పుడు. చట్నీ పొద్దున్నే రుబ్బిపెట్టి, సాయంత్రం టీవీ ఆపేసి, బడి నుంచి రాగానే తినడానికి ఏదైనా కరకరలాడేది ఇవ్వడం మొదలుపెట్టాం. ఖర్చు లేని ఈ మార్పుతోనే సగం గొడవ తగ్గింది.

శబ్దానికి ముందు హెచ్చరిక ఇస్తాం. "మిక్సీ వేస్తున్నా, పది అంకెలు లెక్కపెట్టు" అంటే ఇప్పుడు వాడే లెక్కపెట్టి, పదికి అది ఆగుతుందని ఎదురుచూస్తాడు. కొన్నిసార్లు స్విచ్చి వాడి చేతికే ఇస్తాం. తన చేతిలో ఉన్న చప్పుడు అంతగా భయపెట్టదు. ఈసీఆర్ మీదకు వెళ్ళేటప్పుడు, మాసి మాఘం నాడు వైత్తికుప్పం తీరంలో దేవుళ్ళ ఊరేగింపుల మేళాల దగ్గర చెవులకు పెట్టే మఫ్‌లు వాడతాం. రోజంతా మాత్రం పెట్టనివ్వం. ఎప్పుడూ మూసి ఉంచితే చెవి మరింత సున్నితమవుతుందని చెప్పారు. రోడ్డు మీద వాడి వేళ్ళు కాదు, మణికట్టు పట్టుకుంటాను.

స్పర్శ విషయంలో మా అమ్మ అనుభవం పనికొచ్చింది. మెత్తగా నిమిరితే గింజుకునేవాడు, ఆమె నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే కదలకుండా పడుకునేవాడు. కారణం అడిగితే, ఇలాంటి పిల్లల్లో చాలామందికి తేలిక స్పర్శ చిరాకు, గట్టి ఒత్తిడి నెమ్మది అని థెరపిస్టు చెప్పారు. గోళ్ళు తీసేముందు ఒక్కో వేలినీ గట్టిగా నొక్కుతాం. జుట్టు కత్తిరించేముందు తలను రెండు అరచేతులతో కాసేపు అదిమిపెడతాం. మిషను వద్దని, కత్తెరతోనే చేయమని మంగలికి ముందే చెబుతాం. చొక్కాల చీటీలు కొనగానే కత్తిరించేస్తాం, కొత్త యూనిఫాం నాలుగుసార్లు ఉతికాకే తొడుగుతాం.

దూకడం మాన్పించలేదు, దానికో చోటు చూపించాం. నేల మీద పాత పరుపు, దూలానికి చీర ఉయ్యాల. ఉయ్యాలను గిరగిరా తిప్పం, ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఊపుతాం. చపాతీ పిండి పిసకడం, తడిబట్టల బకెట్టు నెట్టడం, కూరగాయల సంచి మోయడం వాడి పనులు. కండరాలకు పని దొరికితే ఒళ్ళు కుదురుకుంటుంది. వాడికీ "నేను సాయం చేశాను" అన్న గర్వం.

తిండి దగ్గర బలవంతం పూర్తిగా మానేశాం. వాడు తినే పదార్థం పక్కనే చెంచాడు కొత్తది పెడతాం. తినకపోయినా సరే, ముట్టుకోవచ్చు, వాసన చూడవచ్చు. పప్పులో ముంచిన అప్పడం ముక్క వరకు రావడానికి ఐదు నెలలు పట్టింది. మూత్రం వస్తోందని చివరి నిమిషం దాకా వాడికి తెలియదు కాబట్టి రెండు గంటలకోసారి మేమే గుర్తుచేస్తాం.

బరువు దుప్పట్లు, బరువు జాకెట్లు, బ్రష్‌తో ఒళ్ళు రుద్దడం వంటివి ఎవరో చెప్పారని ఇంట్లో ప్రయత్నించకండి. చిన్నపిల్లలు బరువు దుప్పటిని తొలగించుకోలేక ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది.

బడికి ఒక పేజీ

ఫిర్యాదులా కాకుండా ఒక పేజీ ఉత్తరం తీసుకుని టీచరును కలిశాం. వాడికి ఏది కష్టం, ఏది ఇష్టం, అలారం మోగితే ఏం చేయాలి అన్నవి అందులో ఉన్నాయి. కోరినవి నాలుగే: వరుసలో మొదటో చివరో నిలబెట్టడం, ఫ్యానుకూ కారిడారుకూ దూరంగా కూర్చోబెట్టడం, బెల్లు కొట్టేముందు ఒక సైగ, చిరాకు పడితే నీళ్ళు తాగి రావడానికి అనుమతి. పుస్తకాల దొంతర స్టాఫ్ రూముకు చేరవేసే పని ఆమే వాడికి అప్పగించారు. డైరీలో ఆ నెల "మొండితనం" అన్న మాట ఒక్కసారే వచ్చింది.

ఎక్కడికి వెళ్ళాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు ఎదుగుదల లోపాలకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు పంపుతారు. అంగన్‌వాడీలో అడిగినా దారి చెబుతారు. పుదుచ్చేరిలో ఉన్నవారికి జిప్‌మర్ పిల్లల విభాగం ఉంది. మా ఇంటి ముందు నుంచి వెళ్ళే ఈసీఆర్ మీదే చెన్నై వైపు వెళ్తే ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది, 2005లో ఏర్పడింది. తెలుగు కుటుంబాలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉండనే ఉంది. ఈ రెండు చోట్లా 2021లో చిన్నపిల్లల కోసం ప్రత్యేక సత్వర చికిత్స కేంద్రాలు ప్రారంభించారు.

ఉద్యోగులుగా మనకు తెలియవలసినది ఒకటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం వాటిలో ఉంది. ఒక్క ఇంద్రియ ఇబ్బంది మాత్రమే ఉంటే అది జాబితాలో లేదు. ధ్రువపత్రం ఉన్న పిల్లల సంరక్షణ చూసే ఉద్యోగులకు సాధారణ బదిలీల నుంచి మినహాయింపు ఇవ్వాలని కేంద్ర సిబ్బంది శిక్షణ శాఖ 2014లో ఉత్తర్వులిచ్చింది. మన హెచ్‌ఆర్ విభాగంలో వివరాలు అడగండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న వారికి నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు ఉంది, థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది.

బదిలీ తప్పకపోతే పరీక్షల కాగితాలన్నీ ఒకే ఫైల్లో ఉంచండి. కొత్త ఇల్లు, కొత్త బడి ఫోటోలు నెల ముందు నుంచే చూపించండి. మొదటి వారం వాడి పాత దుప్పటి ఉతక్కండి. కొత్త ఊళ్ళో వాడికి తెలిసిన వాసన అదొక్కటే.

ఇప్పుడు

వాడికి ఐదేళ్ళు. నయమైపోయాడని చెప్పను. దీపావళికి ఇప్పటికీ తలుపులు వేసుకుని లోపల కూర్చుంటాం. కానీ "నాన్నా, చెవికి ఎక్కువైంది" అని నోటితో చెబుతున్నాడు. ఏడుపు స్థానంలో ఆ ఒక్క మాట రావడమే మా ఇంటికి పండగ.

పోయిన నెల ఒక ఆదివారం మళ్ళీ ఒడ్డుకు వెళ్ళాం. పొడి ఇసుక మీద చెప్పులు విప్పలేదు. అల వెనక్కి వెళ్ళిన చోట, తడిసి గట్టిపడిన ఇసుక దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకుని ఒక కాలు పెట్టాడు. తర్వాత రెండోది. మూడు నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత "చెప్పులు" అన్నాడు. ఇచ్చేశాను. ఇంకాసేపు ఉండమని అడగలేదు.

తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన ఆ పెద్దావిడ గంప దించుతోంది. వాడి తడి కాళ్ళ వైపు చూసి నవ్వింది. ఆ రోజు ఆమె చూసినట్టు నేనూ ముందే చూసి ఉంటే ఆ దెబ్బ పడేది కాదు. మీ ఇంట్లో ఏ పిల్లవాడికైనా, పిల్లకైనా "మొండి" అని పేరు పడి ఉంటే, ఈసారి ఏడుపు మొదలైనప్పుడు ఒక్క క్షణం ఆగి వాళ్ళ చేతులు ఎక్కడున్నాయో చూడండి.